కౌన్సిల్ లేని కాకినాడ

1866లో ఏర్పడ్డ కాకినాడ పురపాలక సంఘానికి 2016లో నూట యాభై ఏళ్లు నిండాయి. ఆ ఏడాదే జనవరి 28న అప్పటి కేంద్ర పట్టణాభివృద్ధి మంత్రి ఎం. వెంకయ్యనాయుడు ఢిల్లీలో మొదటి విడత స్మార్ట్ సిటీల పేర్లు ప్రకటించారు. ఇరవై నగరాల జాబితాలో విశాఖపట్నం ఎనిమిదోది, కాకినాడ పద్నాలుగోది. ప్రధానమంత్రి గెలిచిన వారణాసికి కూడా ఆ విడతలో చోటు దక్కలేదు. 2011 జనగణన ప్రకారం 3 లక్షల 12 వేల జనాభా ఉన్న ఊరు దేశం కళ్లలో పడింది. జనం సంతోషించారు. సంతోషించదగ్గ సంగతే.

ఆ రోజున కాకినాడ కౌన్సిల్ హాల్లో కూర్చునే హక్కున్న మనిషి ఒక్కడూ లేడు. 2005లో ఎన్నికైన కౌన్సిల్ గడువు 2010లో తీరిపోయింది. ఆ తర్వాత ఎన్నిక జరగలేదు. నగరానికి వెయ్యి కోట్ల రూపాయల లెక్క వస్తోందని తెలిసిన నాడు, ఆ లెక్క అడగవలసిన సభ అయిదేళ్లకు పైగా మూతబడి ఉంది. నేను చెప్పబోయేది ఆ సభ కూలిన కథ. తుపానుకో మంటలకో కూలి ఉంటే అందరికీ కనిపించేది. ఇది కాగితాల మీద కూలింది. ఒక్కో ఉత్తర్వుతో, ఒక్కో గడువుతో, ఒక్కో మంచి పథకంతో కూలింది.

కాకినాడ ఎదుగుదలే మరో ఊరి మునకలోంచి మొదలైంది. ఒకప్పుడు గోదావరి ముఖాన పెద్ద రేవు కోరంగి. అక్కడ ఓడలు కట్టేవారు, అక్కడి నుంచి రంగూను దాకా సరుకు పోయేది. 1789లో ఒక ఉప్పెన, 1839 నవంబరులో ఇంకా ఘోరమైన ఉప్పెన ఆ రేవును తుడిచిపెట్టాయి. మిగిలిన పనిని గోదావరి ఒండ్రు పూర్తి చేసింది. వర్తకం ఉత్తరానికి జరిగి కాకినాడ చేరింది. ఉప్పుటేరు అవతల జగన్నాథపురంలో అప్పటికే డచ్చివారి స్థావరం ఉండేది, 1825లో అది ఇంగ్లీషువారి చేతికి వచ్చింది. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. కాలువల మీద పడవలు డెల్టా ధాన్యాన్ని నేరుగా కాకినాడ రేవుకు మోసుకొచ్చాయి. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఆగిపోయేసరికి ఇంగ్లండు మిల్లులు ఇటు చూశాయి. కాకినాడ పత్తికి కాలం కలిసొచ్చింది. డబ్బు వచ్చింది, జనం వచ్చారు, చెత్తా మురుగూ కూడా వచ్చాయి. ఇవన్నీ చూసుకోవడానికి మద్రాసు ప్రభుత్వపు 1865 చట్టం కింద మరుసటి ఏడాది మునిసిపాలిటీ వచ్చింది.

మొదట్లో అది జనం సంస్థ కాదు. కలెక్టరు పెద్ద, మిగతావాళ్లు ఆయన నియమించినవాళ్లు. వీధులూడ్చడానికి, దీపాలు పెట్టడానికి పన్ను కావాలి. పన్ను కట్టేవాడు ఊరుకోడు, ఎందుకని అడుగుతాడు. ఆ అడగడంలోంచే స్థానిక స్వపరిపాలన పుట్టింది. 1882లో లార్డ్ రిప్పన్ తీర్మానం వచ్చింది. 1884 మద్రాసు చట్టంతో ఎన్నికైన సభ్యులకు చోటు పెరిగింది, ప్రభుత్వోద్యోగి కాని మనిషి చైర్మన్ కావడానికి దారి ఏర్పడింది. 1920 చట్టం ఆ దారిని వెడల్పు చేసింది. స్వాతంత్ర్యం వచ్చాక పన్ను కట్టేవాడికీ కట్టలేనివాడికీ ఓటు సమానమైంది. నూరేళ్లలో ఊరి పెత్తనం కలెక్టరు బల్ల మీంచి వార్డు మెంబరు గుమ్మం దాకా నడిచి వచ్చింది. 1923 డిసెంబరులో మౌలానా మహమ్మదాలీ అధ్యక్షతన కాంగ్రెసు మహాసభ జరిగిన ఊరు ఇది, చట్టసభకు స్పీకరుగా వెళ్లిన బులుసు సాంబమూర్తి తిరిగిన ఊరు ఇది. సభ అంటే ఏమిటో, సభలో లేచి నిలబడి అడగడమంటే ఏమిటో కాకినాడకు ఒకరు నేర్పనక్కర్లేదు.

కౌన్సిల్ అంటే సచ్ఛీలుర సభ అని నేను అనడం లేదు. కాంట్రాక్టుల్లో వాటాలు, క్యాంపు రాజకీయాలు, అజెండా కాగితాలు చించి విసరడాలు మన పురపాలక సంఘాల చరిత్ర నిండా ఉన్నాయి. అయినా కౌన్సిలరు కనిపించే మనిషి. పొద్దున్నే కాఫీ హోటల్లో దొరికేవాడు, సాయంత్రం గుడి దగ్గర దొరికేవాడు. “ఏవండీ, మా సందు చివర కల్వర్టు సంగతి ఏం చేశారు?” అని రిక్షా తొక్కే మనిషి కూడా ఆయన్ని నిలబెట్టి అడిగేవాడు. జవాబు చెప్పలేకపోతే ఆయన తల దించుకోవలసి వచ్చేది, ఎందుకంటే మళ్లీ ఆ సందులోకే ఓటు అడగడానికి రావాలి. సభలో అరవై రూపాయల వీధి దీపం మీద గంటసేపు గొడవ జరిగితే మనం విసుక్కునేవాళ్లం. ఆ గొడవ ఊరి డబ్బు మీద ఊరివాళ్లు పెట్టిన కాపలా అని అప్పట్లో ఎవరూ అనుకోలేదు.

1992లో పార్లమెంటు 74వ రాజ్యాంగ సవరణ చేసింది, 1993 జూన్ 1న అది అమల్లోకి వచ్చింది. పట్టణ ప్రణాళిక, నీళ్లు, రోడ్లు, మురికివాడల అభివృద్ధి వగైరా పద్దెనిమిది పనుల జాబితా రాసి, ఇవి పురపాలక సంస్థలకు అప్పగించదగ్గవి అంది. అయిదేళ్లు నిండకముందే తర్వాతి ఎన్నిక పూర్తి కావాలంది. దీన్ని మించిన అండ ఏ కౌన్సిల్‌కు కావాలి? 2004లో కాకినాడ మునిసిపాలిటీ కార్పొరేషన్ అయింది. కౌన్సిలరు కార్పొరేటరు అయ్యాడు, చైర్మన్ కుర్చీ మేయర్ కుర్చీ అయింది. పదవుల పేర్లు పెద్దవయ్యాక నిండా పదేళ్లు కాకముందే ఆ కుర్చీలు ఖాళీ అయ్యాయి.

2010 తర్వాత కాకినాడలో ఏడేళ్ల పాటు ప్రత్యేకాధికారి పాలన సాగింది. పొరుగు పంచాయతీల విలీనం, డివిజన్ల సరిహద్దులు, కోర్టుల్లో వివాదాలు సాకులయ్యాయి. వాటి వెనక అసలు బాధ ఒకటుంది, అది పన్ను బాధ. కాకినాడను ఫెర్టిలైజర్ సిటీ అంటారు. ఎరువుల కర్మాగారాలు, వంటనూనెల రిఫైనరీలు, 1997లో మొదలైన డీప్ వాటర్ పోర్టు చుట్టూ లేచిన గోడౌన్లు ఎక్కువగా నగరం సరిహద్దుకు అవతల, కాకినాడ రూరల్ పంచాయతీల పరిధిలో ఉన్నాయి. లారీలు తిరిగేది నగరం రోడ్ల మీద. కార్మికులు పిల్లల్ని చదివించేదీ, ఆసుపత్రికి వచ్చేదీ నగరంలో. ఆస్తి పన్ను మాత్రం గీత అవతల ఉండిపోయింది. గీత జరపాలని కార్పొరేషన్‌కు ఆశ, జరిపితే ఇంటి పన్ను పెరుగుతుందని పంచాయతీల్లో భయం. రెండూ న్యాయమైనవే. వాటి మధ్య తీర్పు చెప్పవలసిన రాజకీయం ఏడేళ్లు చెప్పకుండా కూర్చుంది.

ప్రత్యేకాధికారుల్లో సమర్థులు ఉంటారు, నిజాయితీపరులు ఉంటారు. వాళ్ల మీద నాకు ఫిర్యాదు లేదు. కాని ప్రత్యేకాధికారి పాలనలో చట్టం ఒక వింత చేస్తుంది. కౌన్సిల్ అధికారాలన్నీ ఆయనవే గనుక కమిషనర్ పంపిన ప్రతిపాదన మీద కౌన్సిల్ తీర్మానం కూడా ఆయన సంతకంతోనే అవుతుంది. ఎదురు లేచి అడిగేవాడు ఉండడు, గ్యాలరీలో విలేకరి ఉండడు. పైగా డబ్బు కూడా పోతుంది. 14వ ఆర్థిక సంఘం 2015 నుంచి ఇచ్చిన గ్రాంట్లను సక్రమంగా ఏర్పడ్డ పంచాయతీలకు, పురపాలక సంస్థలకు ఉద్దేశించింది. ఎన్నిక జరగని ఊరు ఓటు ఒక్కటే పోగొట్టుకోదు, తాగునీటికీ మురుగు కాలువకూ రావలసిన వాటాను కూడా ప్రమాదంలో పెడుతుంది.

సరిగ్గా ఈ ఖాళీలోకి స్మార్ట్ సిటీ మిషన్ వచ్చింది.

2015 జూన్ 25న మొదలైన ఆ పథకం మార్గదర్శకాలు చదివితే రెండు మాటల దగ్గర ఆగాలి. మొదటిది ప్రాంతం. నగరమంతటికీ డబ్బు చల్లొద్దు, ఒక ముక్క ఎంచుకో అంది కేంద్రం. ఉన్న ఊరిని బాగుచేసే పద్ధతిలో కనీసం 500 ఎకరాలు, పడగొట్టి కట్టే పద్ధతిలో 50 ఎకరాలు, కొత్త నేల మీదైతే 250 ఎకరాలు. ఆ ముక్కకే నిధుల్లో పెద్ద భాగం. నగరమంతటికీ ఒకటో రెండో సాంకేతిక పనులు చేస్తే చాలు. దేశం మొత్తం మీద నూరు నగరాల ప్రతిపాదనల్లో దాదాపు అయిదింట నాలుగు వంతుల ఖర్చు ఎంపిక చేసిన ప్రాంతాల మీదే వేశారు.

రెండోది కంపెనీ. కార్పొరేషన్ చేతికి కాకుండా, కంపెనీల చట్టం కింద పెట్టిన ప్రత్యేక సంస్థ చేతికి డబ్బు వెళ్లాలి. ఇక్కడ దాని పేరు కాకినాడ స్మార్ట్ సిటీ కార్పొరేషన్ లిమిటెడ్. ఇలాంటి కంపెనీల్లో వాటాలు రాష్ట్రానికి సగం, నగరపాలక సంస్థకు సగం. కేంద్రం అయిదేళ్లలో 500 కోట్లు, దానికి సమానంగా రాష్ట్రమూ నగరమూ కలిసి మరో 500 కోట్లు అన్నది లెక్క. కార్పొరేషన్ ఏడాదికి వసూలు చేసుకునే ఆస్తి పన్నుకు ఇది ఎన్నో రెట్లు. స్మార్ట్ సిటీ పనుల విషయంలో పురపాలక మండలి హక్కులూ బాధ్యతలూ కంపెనీకి బదిలీ చేయమని, నగరపాలక సంస్థకు చట్టం ఇచ్చిన నిర్ణయాధికారాలు కంపెనీ సీఈవోకు అప్పగించమని మార్గదర్శకాలు రాష్ట్రాలను కోరాయి. కంపెనీకి నికరమైన, చెప్పుకోదగ్గ ఆదాయం నిలకడగా అందేలా చూడమని కూడా చెప్పాయి. ఆ డబ్బు సమకూర్చుకునే కొత్త మార్గాల్లో మునిసిపల్ బాండ్లతో పాటు ఇంకో పేరు రాసి ఉంది: ట్యాక్స్ ఇంక్రిమెంట్ ఫైనాన్సింగ్.

ఈ మాట అమెరికాది. కాలిఫోర్నియాలో 1952లో మొదలైంది. ఊళ్లో ఒక పేట చుట్టూ గీత గీస్తారు. ఆ నాడు ఆ పేట నుంచి వచ్చే ఆస్తి పన్నును అక్కడికి కట్టేస్తారు. ఉదాహరణకు అది ఏడాదికి కోటి రూపాయలు అనుకోండి. రోడ్లు వేసి, పార్కులు కట్టి, వ్యాపారాలు రప్పిస్తే పదేళ్లకు ఆ పేట మూడు కోట్లు ఇవ్వొచ్చు. ఊరి ఖజానాకు మాత్రం ఎప్పటి కోటే. పెరిగిన రెండు కోట్లు ఆ పేట నిధికే పోతాయి, దాని కోసం ముందే తెచ్చిన అప్పు తీరుస్తాయి. ఉమ్మడి కుటుంబంలో పెద్దన్నయ్య జీతంలో పెరిగినదంతా ఆయన గది సున్నాలకే ఖర్చవ్వాలని వీలునామా రాసినట్టుంటుంది. ఈలోగా బియ్యం ధర పెరుగుతుంది, తమ్ముడి పిల్లలు బడికి వస్తారు, తల్లికి మందులు కావాలి. అవి ఉమ్మడి సంచీలోంచే రావాలి, సంచీ ఎప్పటి కోటి దగ్గరే ఉంటుంది.

ఆ గీత లేకపోతే ఆ పేట బాగుపడేదే కాదు, పెరిగిన పన్ను గీత వల్లే పుట్టింది అన్నది ఈ పద్ధతిని సమర్థించేవాళ్ల మాట. నిజంగా పాడుబడ్డ పేటల్లో అందులో కొంత నిజముంది. కాని అధికారులు పాడుబడ్డ పేటనే ఎంచుకుంటారన్న హామీ ఏదీ? ఎలాగూ పెరగబోయే పేట చుట్టూ గీత గీస్తే పెరుగుదల అంతా మా పుణ్యమేనని చెప్పుకోవడం సులువు. కాలిఫోర్నియాలో ఇలా గీతలు గీసే సంస్థలు దాదాపు నాలుగు వందలయ్యాయి, రాష్ట్రం మొత్తం ఆస్తి పన్నులో 12 శాతం దాకా వాటికే పోయింది. బడుల వాటాలో పడ్డ లోటును రాష్ట్రం పూడ్చవలసి వచ్చింది. చివరికి గవర్నర్ జెర్రీ బ్రౌన్ 2011లో వాటి రద్దుకు చట్టం తెచ్చారు, కోర్టు సమర్థించింది, 2012 ఫిబ్రవరి 1న అవి మూతపడ్డాయి. ఇల్లినాయి రాష్ట్రంలో 1977 నాటి చట్టం ఇలాంటి గీతకు 23 ఏళ్ల ఆయుష్షు ఇచ్చింది. షికాగో మొదటి గీత 1984లో వ్యాపార కేంద్రం నడిబొడ్డున గీసింది. 2013లో ఆ నగరం దాదాపు 50 ప్రభుత్వ బడులు మూసేసింది, అవి ఎక్కువగా నల్లవాళ్ల పేటల్లోవి. బడికి డబ్బు లేనప్పుడు ఆ ప్రత్యేక నిధుల్లో డబ్బు ఎలా ఉందని తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చి అడిగారు. కాకినాడలో చదువుకుని షికాగో శివార్లలో ఇళ్లు కొనుక్కున్న మన పిల్లలు ఎంతోమంది. ఇంటి పన్ను కట్టే ప్రతి ఏడాదీ వాళ్ల చెవిన ఈ మాట పడుతూనే ఉంటుంది.

కాకినాడలో ఆ పన్ను పద్ధతి పేరుతో ఏ పేట చుట్టూ గీత గీయలేదు. అసలు కంటే ముందు దాని ఎముకలు వచ్చాయి. ఎంపిక చేసిన ప్రాంతం వచ్చింది, విడి నిధి వచ్చింది, కౌన్సిల్ చేయి తగలని బోర్డు వచ్చింది. అమెరికాలో కనీసం ఎన్నికైన నగర సభ లేచి ఓటేస్తేనే గీత పడుతుంది. తప్పు చేస్తే ఆ సభ్యుడిని ఓడించవచ్చు. ఇక్కడ 2015 చివర్లో ప్రణాళిక తయారై ఢిల్లీ వెళ్లినప్పుడు ఓడించడానికి ఎవరూ లేరు. ఏ వీధులు లోపల, ఏ వీధులు బయట అన్నది నగరానికి అన్నిటికంటే పెద్ద రాజకీయ ప్రశ్న. దాన్ని కన్సల్టెంట్ల నివేదిక, అధికారి సంతకం తేల్చాయి. సలహాలు అడిగారు, సర్వేలు చేశారు, ఇంటర్నెట్‌లో అభిప్రాయాలు తీసుకున్నారు. అవన్నీ జరిగాయని నాకు తెలుసు. అభిప్రాయం చెప్పిన మనిషికి మాత్రం ఓటు లేదు.

పని జరగలేదని నేను అనను. కమాండ్ కంట్రోల్ సెంటరు కట్టారు, కూడళ్లలో కెమెరాలు పెట్టారు, రోడ్లూ పార్కులూ బాగయ్యాయి. సాయంత్రం పార్కులో ముసలివాళ్లు నడుస్తుంటే చూడడానికి బాగుంటుంది. పెన్షనర్ల స్వర్గమని పేరున్న ఊరికి అది దక్కవలసిన సుఖమే. నాకు గుండె కలుక్కుమనేది ఇంకోచోట. కాకినాడ సముద్ర మట్టానికి కాస్తంత పైన ఉన్న ఊరు. వాన నీరు వాలు చూసుకుని పోయే ఊరు కాదు, తోడి పంపవలసిన ఊరు. 2020 అక్టోబరు 13 ఉదయం తీవ్ర వాయుగుండం కాకినాడ దగ్గరే తీరం దాటింది. వీధులు చెరువులయ్యాయి. ఏటిమొగ, దుమ్ములపేట, పర్లోపేట లాంటి చోట్ల, ఉప్పుటేరు పక్కన బతికే జనానికి వాన అంటే గుమ్మంలో నీళ్లు, పొయ్యిలో నీళ్లు. అక్కడి ఆడవాళ్లను అడిగి ప్రణాళిక రాసి ఉంటే మొదటి పేజీలో కెమెరా ఉండేది కాదు, కాలువ పూడికతీత ఉండేది, పంపులు ఉండేవి, అరట్లకట్ట నుంచి వచ్చే మంచినీళ్లు కుళాయి చివరి ఇంటిదాకా అందడం ఉండేది. కార్పొరేటరు ఉంటే ఈ మాట సభలో అరిచి చెప్పేవాడు. తన డివిజన్‌కు కాలువ రాకపోతే మళ్లీ గెలవడని అతనికి తెలుసు. ఆ భయమే పేదపేటకు ఉన్న ఒక్క ఆస్తి.

మల్లాడి సత్యలింగం నాయకర్ గుర్తుకొస్తారు. కోరంగి పేదబిడ్డ రంగూను వెళ్లి, కష్టపడి పెద్ద ఆస్తి సంపాదించి, పోయేముందు దాన్ని చదువులకూ ధర్మాలకూ రాసిచ్చారు. ఆయన పేరిట నడిచే ఎంఎస్ఎన్ చారిటీస్ నీడన జగన్నాథపురంలో తరాల పిల్లలు చదువుకున్నారు. ఆయన డబ్బు ఆయన సొంతం, ఏ పేటకు ఇవ్వాలో ఆయన ఇష్టం. అయినా ఆయన చూపు వంతెన అవతలి పిల్లల మీద పడింది. ప్రజల డబ్బును పంచే యంత్రానికి ఆ చూపు పుట్టుకతో రాదు, దానికి ఒకరు గుర్తు చేస్తూ ఉండాలి.

ఎట్టకేలకు 2017 ఆగస్టు 29న ఎన్నికలు జరిగాయి. పన్నెండేళ్ల తర్వాత కాకినాడ ఓటేసింది. యాభై డివిజన్లలో నలభై ఎనిమిదికే పోలింగు జరిగింది. తెలుగుదేశం 32, వైఎస్సార్ కాంగ్రెస్ 10, బీజేపీ 3, ఇండిపెండెంట్లు 3 చోట్ల గెలిచారు. సుంకర పావని మేయర్ అయ్యారు. కొత్త కార్పొరేటర్లు సభలో అడుగుపెట్టేసరికి ఇంటి తాళాలు ఇంకొకరి దగ్గర ఉన్నాయి. ప్రణాళిక ముందే ఆమోదం పొందింది, కంపెనీ ముందే నమోదైంది, ప్రాంతం ముందే తేలింది. కాలువ పూడిక, కుక్కల బెడద, వెలగని దీపాలు కౌన్సిల్ అజెండాలోకి వచ్చాయి. పెద్ద పనులు కంపెనీ బోర్డు అజెండాలోకి వెళ్లాయి. రెండు అజెండాలు ఒకే ఊరివి. ఒకదాని చర్చకు జనం వచ్చి కూర్చోవచ్చు, రెండోదానికి తలుపు లేదు.

తర్వాత రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. దానితో కౌన్సిల్‌లో సంఖ్యలూ మారాయి. జనం ఒక పార్టీకి ఇచ్చిన బలం మూడు నాలుగేళ్లలో ఇంకో పార్టీ బలమైంది. 2021 అక్టోబరు 5న మేయర్ మీద అవిశ్వాస తీర్మానం నెగ్గింది, అదే నెలలో సుంకర శివప్రసన్న కొత్త మేయర్ అయ్యారు. చట్టం ఒప్పుకున్నదే జరిగింది. కాని ఉన్న అయిదేళ్లలో ఒక మంచి భాగం కుర్చీ కోసం పోయింది. కంపెనీ డబ్బు ఎక్కడ ఎంత ఖర్చయింది, మన డివిజన్‌కు ఎంత వచ్చింది అని పట్టుబట్టవలసిన కాలం అది.

ఆ ఏళ్లలోనే ఇంటి పన్ను లెక్క మారింది. అంతవరకు ఇంటికి వచ్చే అద్దె అంచనా మీద పన్ను వేసేవారు. 2020 నవంబరులో వచ్చిన నిబంధనలతో 2021 ఏప్రిల్ 1 నుంచి ఆస్తి విలువ ఆధారమైంది. పెంపు ఏడాదికి 15 శాతం దాటకూడదని పరిమితి పెట్టారు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో స్థలం విలువ పెరిగితే ఇక ఇంటి పన్నూ పెరుగుతుంది. రోడ్డు బాగుపడి విలువ పెరిగిన పేట ఎక్కువ పన్ను ఇవ్వడంలో తప్పు లేదు. అయితే ఈ మార్పుకు తక్షణ కారణం కాకినాడ అవసరం కాదు. కోవిడ్ కాలంలో రాష్ట్రాలు అదనంగా అప్పు తెచ్చుకోవాలంటే పట్టణ పన్నుల సంస్కరణ చేయాలని కేంద్రం షరతు పెట్టింది. దేశంలో దాన్ని మొదట పూర్తిచేసిన రెండు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి, మధ్యప్రదేశ్ ఇంకోటి. ఫలితంగా మన రాష్ట్రానికి 2,525 కోట్ల రూపాయల అదనపు అప్పుకు అనుమతి వచ్చింది. జగన్నాథపురంలో పెంకుటింటికి పెరగబోయే పన్ను అలా రాష్ట్రం అప్పు పత్రానికి మెట్టు అయింది. 2021 అక్టోబరులో చెత్త సేకరణకు కూడా నెలనెలా రుసుము మొదలైంది. జనం దానికి చెత్త పన్ను అని పేరు పెట్టారు, ఇంటింటా తిట్టుకున్నారు. 2024 అక్టోబరు 2న కొత్త ముఖ్యమంత్రి దాన్ని రద్దు చేస్తున్నట్టు ప్రకటించారు. వేసినదీ అమరావతే, తీసినదీ అమరావతే. చెత్త ఎత్తవలసిన కార్పొరేషన్‌కు రెండుసార్లూ ఉత్తర్వు కాపీ వచ్చింది.

రేపటి పెరుగుదలను ఇవాళే ఖర్చుపెట్టే ఆశ మన రాష్ట్రంలో ఎంత దూరం పోయిందో రాజధాని అమరావతి చూపించింది. రైతులు 2015లో ముప్పై వేల ఎకరాలకు పైగా భూమి పూలింగులో ఇచ్చారు, నగరం పెరిగితే తమ ప్లాట్ల విలువ పెరుగుతుందని. 2018 ఆగస్టులో రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ సీఆర్‌డీఏ 10.32 శాతం వడ్డీకి 2,000 కోట్ల బాండ్లు అమ్మింది, అదే పెరుగుదల మీద నమ్మకంతో. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చింది. పెరుగుదల ఆగిపోయింది, వడ్డీ మాత్రం ఆగలేదు. కాకినాడ అంత పెద్ద జూదం ఆడలేదు, అందుకు అదృష్టవంతురాలు. కాని రేపటి మీద పందెం కాసేవాళ్లు రేపు అక్కడ ఉండరన్న సంగతి రెండు చోట్లా ఒకటే.

2022 ఏప్రిల్ 4న తూర్పు గోదావరి జిల్లా ముక్కలైంది. శతాబ్దం పాటు అంత పెద్ద జిల్లాకు కేంద్రంగా నిలిచిన కాకినాడ చిన్న జిల్లాకు కేంద్రంగా మిగిలింది. అదే ఏడాది సెప్టెంబరులో కౌన్సిల్ గడువు ముగిసింది. మళ్లీ ఎన్నిక రాలేదు, మళ్లీ ప్రత్యేకాధికారే వచ్చారు. పలుమార్లు పొడిగించాక స్మార్ట్ సిటీ మిషన్ 2025 మార్చి 31న ముగిసింది. పథకం మొదలైన నాడు కౌన్సిల్ లేదు, ముగిసిన నాడు కూడా కౌన్సిల్ లేదు.

ఇక మిగిలింది మామూలు ఖర్చు. కెమెరాకు, సర్వరుకు, కమాండ్ సెంటరు ఏసీకి నెలనెలా కరెంటు బిల్లు వస్తుంది. పరికరాలు పాతబడితే కొత్తవి కొనాలి. కట్టడానికి గ్రాంటు ఇచ్చిన ఢిల్లీ నిలబెట్టడానికి ఇవ్వదు, ఆ భారం ఎప్పటికైనా కార్పొరేషన్ మీదికే వస్తుంది. అంటే లోపలి పేట సౌకర్యాల ఖర్చును బయటి పేట ఇంటి పన్ను కూడా మోస్తుంది. దీని మీద నగరంలో ఇంతవరకు ఏ ఎన్నికైన సభా పూర్తిగా చర్చించి ఓటేయలేదు.

ఎన్నిక జరిగి కొత్త కౌన్సిల్ కూర్చున్న రోజున, శాలువాలు పూలదండలు అయ్యాక, మొదటి అజెండాలో ఒక కాగితం రావాలని నా కోరిక. స్మార్ట్ సిటీ కంపెనీ పెట్టిన ప్రతి రూపాయి ఏ డివిజన్‌లో పడిందో డివిజన్ వారీగా లెక్క. ఆ ఆస్తుల నిర్వహణకు ఏడాదికి ఎంత అవుతుందో, అది ఏ పద్దులోంచి వస్తుందో లెక్క. ఆ రెండు లెక్కలూ తెలుగులో అచ్చు వేసి ఏటిమొగలో, పర్లోపేటలో, జగన్నాథపురంలో, రామారావుపేటలో వార్డు సచివాలయాల గోడలకు అంటించాలి. మరుసటి సమావేశానికి ఆ పేటల జనాన్ని గ్యాలరీలోకి రానివ్వాలి. వాళ్లు అడిగినదానికి మేయరు లేచి జవాబు చెప్పాలి, చెప్పలేకపోతే ఎప్పుడు చెప్తారో తేదీ చెప్పాలి.